నైరుతి మూల కొండ

తిరుపతి, కొర్లగుంట
14 ఏప్రిల్ 2002

చిరంజీవి భానుకి అక్క ఆశీస్సులు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. మా ఇంట్లో ఫోన్ ఎక్కడుందో నీకు తెలుసు కదా, హాల్లో, మామ మంచానికి తలాపున. ఎవరేం మాట్లాడినా ముందు మామ వింటాడు, తర్వాత అత్త వింటుంది, ఆ తర్వాతే అవతలి మనిషి. అందుకని నీతో నా కష్టసుఖాలకు ఉత్తరమే మేలు.

గాజు తొట్టి వచ్చింది. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు. ఆరుగురు మోసుకొచ్చారు. ఇంకా నీళ్ళు పోయనే లేదు, అప్పుడే దాన్ని చూస్తే నాకు భయంగా ఉంది. పోయినేడు చెన్నై హోటల్లో నువ్వు కట్టిన సముద్రపు తొట్టి చూసొచ్చినప్పటి నుంచి మీ బావకు ఇదే ధ్యాస. దానికి తోడు డాక్టరు ఒక మాటన్నాడు. పక్షవాతం వచ్చిన మనిషిని గోడకేసి చూస్తూ పడుకోబెడితే మనసు ఇంకా చెడుతుంది, కళ్ళకు ఏదైనా పని పెట్టండి అని. ఇక ఆయన్ని ఆపేదెవరు?

నువ్వు మామను చూసి చాలా రోజులైంది. చిత్తూరు నుంచి పాకాల దాకా ఏకాంబరం మేస్త్రి కట్టిన ఇల్లంటే జనం గోడ తట్టి చూసేవాళ్ళు కాదు. అలాంటి మనిషికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దున పోయాయి. ఏడాది దాటింది. గొంతులోంచి శబ్దం వస్తుంది గానీ మాట కట్టదు. ఇంట్లో ఏసీ ఉన్నది హాల్లోనే కాబట్టి మంచం అక్కడ. నీ సముద్రానికీ చల్లదనం కావాలన్నావు కాబట్టి తొట్టి కూడా అక్కడే, పడమటి గోడ వారగా. మంచానికీ తొట్టికీ మధ్య నేను నడిచేంత చోటు మిగిలింది.

లోపల రాళ్ళు ఎలా పేర్చాలో నువ్వే గీసి పంపాలట. మీ బావ మాట ఇది. నా మాట వేరే. అన్ని నీళ్ళు ఇంట్లో పెట్టుకోవచ్చా, ఏమీ కాదా, అది రాయి.

నీ అక్క,
జయంతి

* * *

కొచ్చి
23 ఏప్రిల్ 2002

అక్కా,

నవ్వొచ్చింది నీ ఉత్తరం చూసి. చిన్నప్పుడు నేను బావిలోకి తొంగిచూస్తే నా చొక్కా పట్టుకుని వదిలేదానివి కాదు. ఇప్పుడు సముద్రమే నీ ఇంటికొచ్చి కూర్చుంది. భయపడకు. గాజు మందం సరిపోతుంది, కింద ఇనుప స్టాండు నేను చెప్పిన చోటే చేయించాడు బావ.

బొమ్మ గీసి పంపుతున్నాను. లారీలో రాళ్ళు కూడా వస్తాయి. అవి సముద్రంలో పుట్టినవి కావు. సిమెంటు, గవ్వల నూకా కలిపి నేనే పోసి, చిల్లులు పెట్టి, ఏడాది పాటు ఇక్కడి ఉప్పునీటి కయ్యలో నానబెట్టాను. ఇప్పుడు వాటి మీద నాచు, పురుగూ పుట్రా, నత్తలూ కాపురాలు పెట్టాయి. వాటి వల్లే నీళ్ళు శుభ్రంగా ఉంటాయి. కాబట్టి తడి ఆరనివ్వొద్దు.

పేర్చేటప్పుడు బావను తొందరపడనివ్వకు. ముందు తొట్టి కొలతకు నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి, దాని మీద పేర్చి చూసుకోవాలి. ప్రతి రాయీ కింది రాళ్ళ మీద మూడు చోట్ల ఆనాలి. బొటనవేలితో నొక్కితే కదిలేది పనికిరాదు. గోడలా కట్టేస్తే వెనక నీళ్ళు కదలక కుళ్ళు పట్టుకుంటుంది. అందుకే బొమ్మలో రెండు గుట్టలు, మధ్యలో లోయ. చేపలు దూరడానికి సందులు, గుహలు. గాజుకు ఏ వైపైనా ఒక జానెడు దూరం. ఎత్తు సగానికి మించకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, కిందిరాయి తొట్టి అడుగు గాజు మీదే కూర్చోవాలి, ఇసుక మీద కాదు. మధ్యలో నేను పంపే ప్లాస్టిక్ జాలీ వెయ్యండి. రాళ్ళన్నీ కుదురుకున్నాకే చుట్టూ ఇసుక. దీన్ని బావకు రెండుసార్లు చదివి వినిపించు.

మామగారికి నా నమస్కారాలు.

భాను

* * *

తిరుపతి
19 మే 2002

భానూ,

నీ సముద్రం మా ఇంట్లో వెలిగింది. తడ వైపు నుంచి వ్యానులో డ్రములతో సముద్రపు నీళ్ళు తెప్పించాడు మీ బావ. వీధిలో వాళ్ళంతా తీర్థం అనుకుని చూడ్డానికొచ్చారు. నారింజ రంగు చేపలు రెండు, పసుపుది ఒకటి. పువ్వులాంటి జీవి ఒకటి రాయిని పట్టుకుని ఊగుతోంది.

మామ గురించి చెప్పాలి. రాళ్ళు చూడగానే ఆయన కళ్ళు మారిపోయాయి. మా పనిమనిషి మునెమ్మ రాళ్ళు అందించింది, మీ బావ తొట్టిలో చేతులు పెట్టాడు, మామ మంచం మీద దిండుకు ఆనుకుని ఎడమ చేతిలో కర్రతో చూపించాడు. ఇది అక్కడ, అది ఇక్కడ. రెండు రోజులు అన్నం మీద కూడా ధ్యాస లేదు. నీ రెండు గుట్టలు ఆయనకు నచ్చలేదు. తిరుపతిలో ఉంటూ రెండు కొండలేమిటని కాబోలు, ఏడు శిఖరాలు పెట్టించాడు. బరువంతా నైరుతిలో ఉండాలి కాబట్టి పెద్ద కొండ నైరుతి మూల. అది నీ బొమ్మ కంటే ఎత్తు, నిజమే. గాజుకు జానెడు కాదు, రెండు వేళ్ళ దూరం ఉంది. కానీ మామ నవ్వాడు భానూ. ఏడాదిలో మొదటిసారి. అత్త కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. అప్పుడు ఎవరికి మనసొస్తుంది చెప్పు, తప్పు అనడానికి?

ఒక్కటే సందేహం. నిన్నటి నుంచి తొట్టిలో ఉండుండి టక్‌మని శబ్దం వస్తోంది. గాజు చిట్లినట్టు. నేను పరుగెత్తి చూస్తే ఏమీ లేదు. మీ బావ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనిలో చిత్తూరులోనే ఉంటున్నాడు, సీజను కదా. నీకే రాస్తున్నాను, అదేమిటి?

అక్క

* * *

కొచ్చి
29 మే 2002

అక్కా,

ఏడు కొండలా? సరే, మామగారి తొట్టి, మామగారి కొండలు. ఎత్తు తగ్గిస్తే బాగుండేది. అయినా కిందిరాయి గాజు మీద గట్టిగా కూర్చుంది కాబట్టి పరవాలేదు.

ఆ టక్‌కి భయపడకు. అది గాజు కాదు. నా రాళ్ళలో ఏదో సందులో దాక్కుని ఒక రొయ్య వచ్చింది. వేలెడంత ఉంటుంది. దాని ఒక చెయ్యి పెద్దది, దాన్ని టపీమని మూస్తే ఆ చప్పుడుకే చిన్న చేపలు సొమ్మసిల్లుతాయి. చూసేవాళ్ళు ఎవరైనా గాజు పగిలిందనే అనుకుంటారు. పాపం దానికి నీ మీద కోపమేమీ లేదు. రాయి కింద ఇసుక తవ్వి బొరియ చేసుకుంటుంది, అందులో కాపురం చేస్తుంది. పగలంతా మట్టి పని చేసేవాడిలా ఇసుక నెట్టుకొస్తూ కనిపిస్తుంది, చూడు. మామగారికి మంచి కాలక్షేపం.

నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉండి ఉత్తరం ఆలస్యమైంది.

భాను

* * *

తిరుపతి
8 జూన్ 2002

భానూ,

నువ్వు ధైర్యం చెప్పడానికి రాశావు. చదివాక నాకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

నీకొకటి చెప్పలేదు. ఇసుక ముందు పోశారు. నీ కాగితం నేను రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివాను. మామ కర్రతో ఇసుక బస్తానే చూపించాడు. మీ బావ నా వైపు తిరిగి, "పునాదిలో ముందు ఇసుక పోసి నీళ్ళు కొట్టి, ఆమీదనే కదా రాయి పెట్టేది. నాయనకు మనం నేర్పాల్నా?" అన్నాడు. ఆ జాలీ ఇంకా పెరట్లోనే ఉంది. నాలుగు వేళ్ళ మందం ఇసుక పోసి, దాని మీద ఏడు కొండలు కట్టారు. నీ కొలత ప్రకారం కాలేదని తెలిస్తే నువ్వు నొచ్చుకుంటావని, మామ సంతోషం చెడుతుందని ఊరుకున్నాను.

రొయ్యను చూశాను. నువ్వన్నట్టే పగలంతా ఇసుక నెట్టుకొస్తోంది. నైరుతి కొండ కిందనుంచే. ముందువైపు రాయి కాలు కింద గుంట పడింది. గాజుకూ కొండకూ మధ్య రెండు వేళ్ళు పట్టేవి, ఇప్పుడు ఒకటే పడుతోంది. ఆ కొండ ముందుకు, అంటే మంచం వైపుకు వాలుతోంది. మామ దక్షిణం తలపెట్టి పడుకుంటాడు. సరిగ్గా అది ఆయన తల దగ్గర.

మీ బావకు ఫోన్ చేస్తే, "నీకు మొదట్నుంచీ అది గిట్టదు" అని నవ్వాడు. మామ రోజూ ఎడమ చెయ్యెత్తి ఆ కొండనే చూపిస్తాడు. అత్త ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది: "సూడండి, తాను కట్టింది సూపిస్తా ఉండాడు." నాకేమో ప్రతి టక్‌కీ ప్రాణం పోయి వస్తోంది. అది రొయ్యా, గాజా, ఎలా తెలుసుకోవాలి?

ఇది ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. నీళ్ళ వెలుగు కాగితం మీద కదులుతోంది.

అక్క

* * *

కొచ్చి
13 జూన్ 2002

అక్కా,

ముందు ఈ పని చెయ్యి, మిగతాది చదవడం తర్వాత. మంచం ఆ హాల్లోంచి తీసెయ్యండి. తొట్టి మోటార్ల స్విచ్చి ఆపండి. గొట్టం వేసి నీళ్ళు సగానికి తోడెయ్యండి. ఎవరూ చెయ్యి లోపల పెట్టొద్దు. రాయిని సరిచేద్దామని బావ చెయ్యి పెడితే అది అప్పుడే జారుతుంది.

రాయి కింద ఇసుక ఖాళీ అయితే ఆ బరువంతా ఒక్కసారి ముందు గాజుకు తగులుతుంది. చిన్న పగులు వచ్చి నీళ్ళు కారడం కాదు, మొత్తం పలక ఊడొస్తుంది. దాని వెనక నీళ్ళు, రాళ్ళు.

నిన్న ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తారు. "అంతా బాగుండాదప్పా" అన్నారు. నిన్ను ఇమ్మంటే నువ్వు కూడా "బాగున్నాం" అని, నన్ను మాట్లాడనివ్వకుండా పెట్టేశావు. నీ గొంతు నాకు తెలియదా? ఎక్కడ కూర్చుని రాస్తున్నావో కూడా రాశావు. నీళ్ళ వెలుగు కాగితం మీద పడాలంటే నువ్వు ఆ సందులోనే కూర్చోవాలి. మామకూ గాజుకూ మధ్య. కావాలనే కూర్చుంటున్నావు కదా? లే అక్కా అక్కణ్ణించి.

నేనే వచ్చేవాణ్ణి. నిజం చెప్తాను, పసుపు కామెర్లు వచ్చి, పోయిన నెల నుంచీ మంచం మీదే ఉన్నాను. నువ్వు గాభరా పడతావని రాయలేదు. బస్సెక్కితే చచ్చిపోతావని డాక్టరు తిట్టాడు. లేచి గది దాటితే కళ్ళు తిరుగుతున్నాయి.

భాను

* * *

తిరుపతి
18 జూన్ 2002

భానూ,

నీకు కామెర్లని చెప్పకుండా రొయ్యల కథలు రాశావు. తర్వాత నీ సంగతి చూస్తాను. పథ్యం తప్పకు.

నువ్వు చెప్పినట్టు చేద్దామని లేచాను. మునెమ్మను పిలిచి మంచం చెరోవైపు పట్టుకున్నాం. కదిలించామో లేదో మామ ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు చూస్తే పక్షవాతం మనిషిది అనుకోవు. గొంతులో ఏదో గురగుర, కళ్ళలోంచి నీళ్ళు. అత్త పరుగెత్తుకొచ్చి మంచం దించమంది.

"ఆయన సంగతి నీకు తెల్దు. స్లాబు పోసి సెంట్రింగ్ విప్పిన దినం, ఇంటోళ్ళు లోపలికి పోయేదానికి బయపడితే, సాప ఏసుకోని ఆ స్లాబు కిందనే పొణుకుంటా ఉండె. ఎన్ని ఇండ్లల్లో పొణుకున్నాడో. కట్టినాయనే దాని కింద ఉంటే నీకేం బయం? ఇప్పుడు ఈడనుంచి తీస్తే, నువ్వు కట్టింది పడిపోతాదని మొగం మీద చెప్పినట్టు కాదా? సూడు ఎట్ల ఏడుస్తా ఉండాడో, వద్దని."

ఏం చెయ్యను? మంచం దించేశాను. నీళ్ళు తోడదామంటే, "ఆయన సూస్తా ఉండంగానా?" అంది. మోటారు మాత్రం ఆపాను. మీ బావ లోడు పంపి వచ్చే వారం వస్తానన్నాడు.

ఇప్పుడు కొండకూ గాజుకూ మధ్య వేలు కూడా పట్టదు. అవును, నేను అక్కడే కూర్చుంటున్నాను. తల ఒత్తే నెపంతో. పడితే ముందు నా వీపు మీద పడుతుంది, ఆయన తల మీద కాదు. కదల్లేని మనిషిని దాని ముందు వదిలేసి నేను ఎక్కడికని పోను? అన్నం సహించడం లేదు. వాకిట్లో ఎవరైనా గేటు వేసినా తిరిగి గాజు చూసుకుంటున్నాను.

అక్క

* * *

కొచ్చి
22 జూన్ 2002

అక్కా,

నిన్ను తిట్టే ఓపిక లేదు. మళ్ళీ ఫోన్ చేసినా బాగున్నామనే అంటారు, అందుకే ఇది కొరియర్లో పంపుతున్నాను. దీంతో ఉన్న రెండో కాగితం మామగారికి. ఆయన దగ్గర కూర్చుని కాదు, ద్వారం దగ్గర నిలబడి పైకి చదువు. అత్తగారు వద్దన్నా చదువు.

ఇక్కడ పడుకున్నప్పటి నుంచి ఒకటి గమనించాను. వచ్చినవాళ్ళంతా గంజి తాగావా, మందు వేసుకున్నావా అని అడుగుతారు. నా ముఖం చూసి నా మనసులో ఏముందో వాళ్ళే చెప్పేసుకుంటారు. నేను మాట్లాడగలను కాబట్టి కాదని చెప్తాను. ఆయన చెప్పలేడు.

భాను

మామగారికి నమస్కారాలు.

మీరు పోసిన ఇసుక తప్పు కాదు. భూమిలో అయితే ఇసుకకు నాలుగు వైపులా మన్ను కాపు ఉంటుంది. ఇక్కడ ఆ కాపు లేదు. పైగా కింద తవ్వే జీవి ఒకటి చేరింది. అది నా రాళ్ళతోనే వచ్చింది. మీ కట్టుబడి గురించి నేను ఒక్క మాట అనను, అనేంతవాణ్ణి కాను.

మీరు కొత్త స్లాబుల కింద పడుకునేవారట. అప్పుడు లేచి పోవాలనుకుంటే లేచి పోగలిగేవారు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీకు భయంగా ఉందా? ఉంటే ఎడమ చేత్తో మంచం పట్టెను ఒకసారి తట్టండి. లేకపోతే ఊరుకోండి, నేనింక ఈ సంగతి ఎత్తను.

భానుచందర్

* * *

తిరుపతి
26 జూన్ 2002

భానూ,

అందరం బాగున్నాం. ముందు ఆ మాట రాసి మిగతాది రాస్తున్నాను. తొట్టి పగిలిపోయింది.

నిన్న మధ్యాహ్నం. అప్పటికి మంచం బయట వరండాలో ఉంది, మేమంతా అక్కడే ఉన్నాం. లోపల రాయి కింద రాయి నలిగినట్టు ఒక శబ్దం వచ్చింది, తర్వాత ఇంకొకటి. ఆ రెండోది గాజు, అది వినకూడదు. నీళ్ళు గడప దాటి మెట్ల మీదుగా వీధిలోకి పోయాయి. నైరుతి కొండ మొత్తం హాలు మధ్యకు వచ్చి పడింది. పెద్దరాయి ఎక్కడ ఆగిందో నీకు చెప్పను. మంచం కాళ్ళ గుర్తులు నేల మీద ఇంకా ఉన్నాయి, వాటి మధ్యలో. చేపల్ని మునెమ్మ బకెట్లోకి ఎత్తింది, పసుపుది బతకలేదు.

సాయంత్రం మీ బావ వచ్చి తడి హాల్లో చెప్పులతోనే నిలబడిపోయాడు. తర్వాత వరండాలోకి వచ్చి వాళ్ళ నాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఇక అసలు సంగతి. నీ కాగితం పొద్దున వచ్చింది. అత్త వంటింట్లో ఉండగా, ద్వారం దగ్గర నిలబడి చదివాను. ఇసుక సంగతి వింటూ మామ కళ్ళు మూసుకున్నాడు. కోపం వచ్చిందనుకుని ఆపబోయాను. మళ్ళీ తెరిచి నా వైపు చూశాడు. చదివాను. భయంగా ఉందా అని నువ్వు రాసిన చోటికి వచ్చి ఆగాను. కోడల్ని, ఆ మాట ఆయన్ని అడగడం ఎలా అనిపించింది. అయినా అడిగాను.

ఒకసారి తట్టమని రాశావు కదా. ఆయన తట్టాడు. మళ్ళీ తట్టాడు. "సరే మామా, తెలిసింది" అన్నాను. ఆగలేదు. ఆ చప్పుడుకు అత్త గరిటెతోనే వచ్చి నిలబడింది. నేను కాగితంలో ఉన్నది చెప్పాను. ఆమె ఆయన ముఖం చూసి, "సూపిస్తా ఉండాడనుకుంటినే నేను" అని అక్కడే కూలబడింది. రోజూ ఆయన చెయ్యెత్తి ఎందుకు చూపించాడో, ఆవేళ నా మణికట్టు ఎందుకు పట్టుకున్నాడో, ఏడాదిగా ఆయనతో ఉన్న మాకు తెలియలేదు భానూ.

మునెమ్మా నేనూ మంచం ఎత్తాం. అత్త కూడా లేచి కాళ్ళవైపు పట్టుకుంది. గడప దాటుతున్నా ఆ చెయ్యి పట్టెను కొడుతూనే ఉంది. పట్టుకుని ఆపబోతే విదిలించుకున్నాడు. తొట్టి కనిపించనంత దూరం వచ్చాక కూడా చాలాసేపు కొట్టాడు.

నీ అక్క,
జయంతి